పట్టు తప్పని బంతి

లక్షలు పోసి కొన్న లెన్సు చివరికి ఒక లోహపు బంతి మీదే నిలబడాలి. ఆ బంతిని ఎంచుకునేటప్పుడు పెట్టె మీద రాసిన కిలోల కంటే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి.

కోఠీలో కెమెరా సామాన్ల దుకాణానికి వెళ్లి ట్రైపాడ్‌కు మంచి బాల్‌హెడ్, అంటే ఆ బంతి ఉండే తల, చూపించమనండి. కౌంటర్ అవతలి కుర్రాడు మూడు పెట్టెలు వరసగా పెట్టి కిలోల లెక్క అందుకుంటాడు. ‘‘ఇది ఎనిమిది మోస్తది సార్. ఇది పదిహేను. ఇదైతే ఇరవై అయిదు, ఇంక సూస్కోవాల్సిన పనే లేదు.’’ కొనేవాడు తన కెమెరా, లెన్సు కలిపి రెండున్నర కిలోలు దాటవని మనసులో లెక్కేసుకుంటాడు. ఎనిమిది కిలోలదే పుష్కలం అనుకుని డబ్బు కట్టేస్తాడు. ఇంటికెళ్లి జూమ్ లెన్సు తగిలించి, ఎదురింటి డాబా మీది కాకిని ఫ్రేము మధ్యకు తెచ్చి, నాబ్ బిగించి చెయ్యి తీస్తాడు. కాకి ఫ్రేములో పైకి జరుగుతుంది. అంటే లెన్సు కిందకు వాలిందన్నమాట. ఇంకాస్త బిగిస్తాడు. మళ్లీ వాలుతుంది. ఎనిమిది కిలోలు మోయాల్సింది రెండున్నరకే తల ఎందుకు వంచిందో అంతుపట్టదు.

దుకాణదారు మోసం చేయలేదు. పెట్టె మీది అంకె అబద్ధం కూడా కాకపోవచ్చు. అది అసలు వేరే ప్రశ్నకు జవాబు.

అంకె ఎక్కడ పుట్టింది?

బాల్‌హెడ్ ఎంత మోస్తుందో తేల్చడానికి కంపెనీలన్నీ ఒప్పుకున్న పద్ధతి ఏదీ లేదు. ఎవరి కొలత వారిది, ఎవరి ధైర్యం వారిది. హెడ్‌ను నిటారుగా నిలబెట్టి నెత్తిన బరువు పెడితే ఒక అంకె వస్తుంది. పక్కకు వంచి తగిలిస్తే వచ్చే అంకె అందులో ఏ మూలకూ రాదు. చైనా కంపెనీ సిరూయి చేసిన కె-20ఎక్స్ సంగతి చూడండి. బంతి వ్యాసం 38 మిల్లీమీటర్లు, మొత్తం హెడ్ బరువు 400 గ్రాములు, మోసేది 25 కిలోలని కంపెనీ మాట. అమెరికాలో తయారయ్యే రియల్లీ రైట్ స్టఫ్ వారి బీహెచ్-55లో బంతి 55 మిల్లీమీటర్లు, హెడ్ బరువు దాదాపు రెట్టింపు. దానికి వాళ్లు రాసుకున్నది 50 పౌండ్లు, అంటే 23 కిలోలకు కాస్త తక్కువ. అంకెలను నమ్మితే చిన్నదే గట్టిది. రెండింటినీ చేత్తో పట్టుకున్నవాళ్లు ఆ మాట అనరు. అలాగని కె-20ఎక్స్‌ను తీసిపారేయక్కర్లేదు, దాని ధరకు అది మంచి హెడ్డే. వచ్చిన చిక్కల్లా అందరికీ ఒకే తూకంరాయి లేకపోవడంతోనే.

అసలు బరువన్నది సగం కథే. నీళ్ల బిందె చంకన పెట్టుకుని బావి నుంచి ఇంటిదాకా నడిచే మనిషిని, అదే బిందెను చెయ్యి చాపి పట్టుకోమంటే నిమిషం కూడా నిలవదు. బిందె బరువు మారలేదు, భుజానికి దానికి మధ్య దూరం మారింది. బాల్‌హెడ్‌లోనూ అంతే. కెమెరా నిటారుగా ఉన్నంతసేపూ బరువు సూటిగా కాళ్లలోకి దిగిపోతుంది, బంతి పట్టుకోవాల్సింది పెద్దగా ఉండదు. నిలువు ఫొటో కోసం హెడ్ పక్కనుండే గాడిలోకి కెమెరాను వంచగానే ఆ బరువు బంతి కేంద్రానికి 10 సెంటీమీటర్ల అవతల వేలాడుతుంది. 2 కిలోలు 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్నా, 4 కిలోలు 5 సెంటీమీటర్ల దూరంలో ఉన్నా బంతిని తిప్పే బలం ఒకటే. పొడవాటి లెన్సును దాని నడుముకుండే పట్టీ (కాలర్)తో కాకుండా కెమెరా అడుగు నుంచి బిగిస్తే ఈ దూరం ఇంకా పెరుగుతుంది.

ఈ తిప్పుడును ఆపేది రాపిడి ఒక్కటే. లోపల బంతి ఒక గిన్నెలో కూర్చుంటుంది. నాబ్ తిప్పితే ఒక రింగు వచ్చి బంతిని ఒరుసుకుని నొక్కుతుంది. నొక్కే బలం ఒకటే అయినప్పుడు బంతి పెద్దదైతే పట్టు పెరుగుతుంది, ఎందుకంటే రాపిడి కేంద్రానికి దూరంగా పనిచేస్తుంది. 36 మిల్లీమీటర్ల బంతి స్థానంలో 54 మిల్లీమీటర్లది పెడితే అదే బిగింపుకు ఒకటిన్నర రెట్ల పట్టు వస్తుంది. బంతి నుంచి పైకి వచ్చే మెడను చాలామంది చూడనే చూడరు, నా మటుకు నేను ముందు చూసేది దాన్నే. లోహపు కడ్డీ వంగకుండా నిలిచే శక్తి దాని మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 10 మిల్లీమీటర్ల మెడను 12 చేస్తే చాలు, గట్టిదనం రెండింతలు దాటుతుంది. పెద్ద బంతి మీద సన్నటి మెడ పెట్టిన హెడ్‌లు బజార్లో బోలెడు. అవి ఫొటోలో అందంగానే కనిపిస్తాయి.

వాలడంలో మూడు రకాలు

‘బిగించాక జారుతోంది’ అని అందరూ అనేదాంట్లో మూడు వేర్వేరు జబ్బులున్నాయి. వాటి మందులూ వేరు.

మొదటిది, నాబ్ తిప్పుతుండగానే ఫ్రేము పక్కకు జరగడం. లోపలి రింగు బంతిని అన్ని వైపులా సమానంగా పట్టకుండా ఒక పక్క నుంచి తోస్తోందని అర్థం. ఇది తయారీలోనే ఉన్న లోపం. నూనె వేసినా, ఇంకా గట్టిగా తిప్పినా పోదు. దుకాణంలోనే కనిపెట్టి పక్కన పెట్టేయాలి.

రెండోది, పూర్తిగా బిగించి చెయ్యి తీయగానే కాస్త కిందకు దిగడం. ఇక్కడ బంతి జారట్లేదు. మీ చెయ్యి మోస్తున్న బరువు ఇప్పుడు మెడ మీద, కెమెరా అడుగున బిగించే ప్లేటు మీద, దాన్ని పట్టుకునే క్లాంపు మీద, చివరికి ట్రైపాడ్ కాళ్ల మీద పడి అవన్నీ తలా కొంచెం వంగాయి. ఎంత ఖరీదైన హెడ్ అయినా ఇది కొంత ఉంటుంది. ఎంత ఉందన్నదే లెక్క. చాలాసార్లు అసలు దొంగ ప్లేటు. కెమెరా అడుగున తగిలే చోట మెత్తటి రబ్బరు లేదా కార్క్ అతికించిన ప్లేట్లు ఉంటాయి చూశారా, బరువైన లెన్సు తగిలితే ఆ రబ్బరు నొక్కుకుపోయి కెమెరా మొత్తం ముందుకు ఒరుగుతుంది. నింద హెడ్ మీద పడుతుంది. అంచు దగ్గర చిన్న గోడలాంటి పెదవి ఉన్న లోహపు ప్లేటు మార్చి చూస్తే ‘పాడైన’ హెడ్ బాగైపోయిన సందర్భాలు కొల్లలు. ట్రైపాడ్ మధ్య కడ్డీని పైకి లేపి వాడటం కూడా ఈ జబ్బుకు దగ్గరి చుట్టమే.

మూడోది నెమ్మదిగా వచ్చేది. బిగించినప్పుడు బాగానే ఉంటుంది, రెండు నిమిషాలకు చూస్తే ఫ్రేము మారి ఉంటుంది. దీన్ని మాత్రం అక్షరాలా జారడమే అనాలి. బంతి చిన్నదైనా కావాలి, బంతి మీద జిడ్డైనా చేరి ఉండాలి. రాత్రిపూట నిమిషాల తరబడి షట్టర్ తెరిచి నక్షత్రాలను పట్టేవాళ్ల ప్రాణం తీసేది ఇదే.

ఆటపాకలో ఆరు వందల మిల్లీమీటర్లు

ఎంత వాలితే ఎంత నష్టమన్నది లెన్సును బట్టి ఉంటుంది. కైకలూరు దగ్గర ఆటపాకలో కొల్లేటి పెలికాన్ల కోసం పొద్దున్నే గట్టు మీద స్టాండ్లు దించే పక్షి ప్రేమికుల చేతుల్లో ఇప్పుడు 600 మిల్లీమీటర్ల దాకా వెళ్లే జూమ్‌లు మామూలైపోయాయి. 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ కెమెరా ఒకటి తీసుకోండి, ఫొటో 6000 అడ్డం, 4000 నిలువు. హెడ్ డిగ్రీలో పదో వంతు వాలిందనుకుందాం. కంటితో చూస్తే హెడ్ కదిలినట్టు కూడా తెలియదు. 24 మిల్లీమీటర్ల వైడ్ లెన్సులో దానివల్ల దృశ్యం 7 పిక్సెళ్లు జరుగుతుంది, ఎవరికీ పట్టదు. 600లో అదే వాలు 175 పిక్సెళ్లు. పెలికాన్ ముక్కు చివర ఫ్రేము అంచుకు తగిలేలా పేర్చుకున్న ఫొటోలో ముక్కు తెగిపోవడానికి అది చాలు.

దగ్గరి ఫొటోల్లో పరిస్థితి ఇంకా సున్నితం. మ్యాక్రో లెన్సును వస్తువు అసలు పరిమాణం దాకా తీసుకెళితే ఫ్రేములో పట్టే స్థలం మొత్తం 36 మిల్లీమీటర్ల అడ్డం, 24 నిలువు. గడ్డిపువ్వు మీద మంచుబొట్టుకు ఫోకస్ పెట్టి బిగించాక ఒక్క మిల్లీమీటరు జరిగితే బొట్టు తన చోటు వదిలేసినట్టే. పైగా ఫోకస్ తప్పుతుంది. మ్యాక్రో పనిచేసేవాళ్లు వాలును ముందే లెక్కగట్టి ఫ్రేమును కాస్త పైకి పెట్టి బిగించడం అలవాటు చేసుకుంటారు. అదో నేర్పని చెప్పుకుంటారు కూడా. నాకైతే అది నేర్పులా కాదు, హెడ్‌కు కట్టే జరిమానాలా కనిపిస్తుంది. (తొలకరిలో ఆరుద్ర పురుగును తీయాలనుకునేవాళ్లకు ఈ చర్చంతా అనవసరం. స్టాండు కాళ్లు తెరిచేలోపే అది పక్క చేలో ఉంటుంది.)

దుకాణంలో పది నిమిషాలు

హెడ్ కొనడానికి వెళ్లేటప్పుడు మీ కెమెరా, మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే బరువైన లెన్సు తీసుకెళ్లండి. దుకాణంలో ఉన్న మందపాటి కాళ్ల స్టాండు ఏదైనా అడిగి దాని మీద హెడ్‌ను బిగించమనండి. కాళ్లు ఊగితే హెడ్ గురించి ఏమీ తెలియదు.

గుమ్మంలోంచి రోడ్డవతలి బోర్డు మీదికి లెన్సు తిప్పండి. కెమెరాలో స్టెబిలైజేషన్ ఆపేయండి, లేకపోతే అది హెడ్ తప్పులన్నీ కప్పిపుచ్చుతుంది. వెనక తెర మీద దృశ్యాన్ని వీలైనంత పెద్దది చేసి, బోర్డు మీద ఒక అక్షరం అంచును తెర మధ్యకు తెచ్చుకోండి. ఇప్పుడు నాబ్ బిగిస్తూ ఆ అంచునే చూడండి. బిగిస్తుండగా జరిగిందా? చెయ్యి తీశాక జరిగిందా? కుర్రాడితో ధర మాట్లాడుతూ రెండు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. తర్వాత లెన్సు చివర వేలితో చిన్నగా తట్టండి. బొమ్మ వణికి ఎంతసేపటికి కుదురుకుంటుందో చూడండి. మంచి హెడ్ మీద అది వెంటనే సద్దుమణుగుతుంది. నాసిరకం దాని మీద అక్షరం అలా ఊగుతూనే ఉంటుంది. ఆఖరికి కెమెరాను పక్క గాడిలోకి వంచి ఇదంతా మరోసారి చేయండి. ఎక్కువ హెడ్‌లు తేలిపోయేది అక్కడే.

కుర్రాడు విసుక్కోవచ్చు. విసుక్కోనివ్వండి. అతను చెప్పిన ఇరవై అయిదు కిలోల కంటే ఈ పది నిమిషాల్లో మీకు తెలిసేదే ఎక్కువ.

చేతికి తెలియాల్సిన నాబ్‌లు

మంచి హెడ్ మీద సాధారణంగా మూడు మరలుంటాయి. పెద్దది బంతిని బిగిస్తుంది. రెండోది బంతికి కనీస బిగువు ఉంచుతుంది, అంటే పెద్ద నాబ్ వదిలేసినా లెన్సు ధడాలున పడిపోకుండా కాస్త బరువుగా కదిలేలా చూస్తుంది. మూడోది అడుగున గుండ్రంగా తిరిగే పీఠాన్ని ఆపుతుంది. చీకట్లో తడిమితే ఏది ఏదో తెలియాలి. చలికాలం తెల్లవారుజామున లంబసింగి కొండ మీద మంచు కోసం నిలబడ్డప్పుడు, మూడూ ఒకే సైజులో ఉంటే చెయ్యి తప్పకుండా తప్పుదాని మీదికే పోతుంది. బిగువు మర లేని హెడ్‌ను, ఎంత చవకగా వచ్చినా, బరువైన లెన్సున్నవాళ్లు కొనకూడదని నా గట్టి అభిప్రాయం. లెన్సు ముందు గాజు వచ్చి స్టాండు కాలికి కొట్టుకునే శబ్దం వినకపోవడమే మేలు.

స్విట్జర్లాండ్‌లో పుట్టి తర్వాత ఫ్రాన్స్‌లోని బెజాన్సోన్‌కు మారిన ఆర్కా-స్విస్ కంపెనీ ఈ విషయంలో ఒక తెలివైన పని చేసింది. వాళ్ల మోనోబాల్‌లో బంతి పూర్తి గుండ్రం కాదు. కెమెరా పక్కకు వంగేకొద్దీ బిగువు దానంతటదే పెరిగేలా ఆకారాన్ని కొద్దిగా మార్చారు. తర్వాత ఇదే దారిలో వేరేవాళ్లూ నడిచారు.

ఆ కంపెనీ పేరు ఇంకో కారణానికి ప్రతి ఫొటోగ్రాఫర్ నోట్లోనూ నానుతుంది. ఏటవాలు అంచులతో సుమారు 38 మిల్లీమీటర్ల వెడల్పుండే వాళ్ల ప్లేటు ఆకారాన్ని ఇప్పుడు దాదాపు అందరూ అనుసరిస్తున్నారు. ఇటలీ మాన్‌ఫ్రోటో వారి సొంత ప్లేట్లు, ముఖ్యంగా ఆర్‌సీ2 అనే చిన్న ప్లేటు, మన స్టూడియోల్లో ఇప్పటికీ బోలెడన్ని ఉన్నాయి. ఏదైనా ఫరవాలేదు, రెండింటినీ కలిపి వాడకండి. పెళ్లిలో జీలకర్రబెల్లం క్షణంలో రెండో కెమెరా స్టాండెక్కాల్సి వస్తే, దాని అడుగున వేరే రకం ప్లేటుందని అప్పుడు తెలియకూడదు. ఆర్కా తరహా తీసుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అందరూ అనుసరిస్తున్నారే గానీ కొలత అందరిదీ అచ్చంగా ఒకటి కాదు. ఒక్క నొక్కుతో మూసుకునే లివర్ క్లాంపుల్లో వేరే కంపెనీ ప్లేటు వదులుగా కూర్చోవచ్చు, లేదా లివర్ మూతే పడకపోవచ్చు. మరతో బిగించే క్లాంపు నెమ్మదే గానీ ఏ ప్లేటునైనా పట్టుకుంటుంది. రకరకాల ప్లేట్లున్న ఇంట్లో మర క్లాంపే నయం. ప్లేటు రెండు చివర్లా చిన్న అడ్డు మరలుంటాయి, క్లాంపు వదులైనా కెమెరా జారి కింద పడకుండా ఆపేవి అవే. దయచేసి వాటిని ఊడదీయకండి.

నిలువు ఫొటోలు ఎక్కువ తీసేవాళ్లు ఆ డబ్బును ఇంకా పెద్ద హెడ్ మీద పెట్టే బదులు ఎల్-బ్రాకెట్ కొనుక్కోవడం మంచిది. కెమెరాను పక్కకు తిప్పి అదే క్లాంపులో పెట్టొచ్చు, గాడిలోకి వంచే పనే ఉండదు, బరువు మళ్లీ కాళ్ల మీదికే వస్తుంది.

గండికోట అంచున

పెన్నా నది కోసుకుపోయిన గండికోట లోయ ఒక్క ఫ్రేములో పట్టదు. వరసగా ఫొటోలు తీసి కంప్యూటర్లో కుట్టాలి. ఇక్కడ మామూలు బాల్‌హెడ్ గుట్టు బయటపడుతుంది. తిరిగే పీఠం బంతికి కింద ఉంటుంది. బండల మీద కాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటే పీఠమూ ఒరిగే ఉంటుంది. బంతిని సర్ది మొదటి ఫ్రేములో దిగంతాన్ని సమం చేసినా, తిప్పడం మొదలుపెట్టగానే అది మెట్లు దిగుతున్నట్టు వంకరపోతుంది. బంతికి పైన, క్లాంపు దగ్గరే తిరిగే ఏర్పాటున్న హెడ్ తీసుకుంటే ఈ బాధ లేదు. ముందు కెమెరాను సమం చేస్తాం, తర్వాత అదే తలంలో తిప్పుతాం. అది లేనివాళ్లు ఓపిగ్గా కాళ్లే సర్దుకోవాలి. హెడ్ మీది నీటి బుడగ పీఠం దగ్గరుందా, క్లాంపు దగ్గరుందా అని కూడా చూసుకోవాలి, రెండూ చెప్పేది వేర్వేరు సంగతులు.

ఒక్క నాబ్‌తో అన్ని దిక్కులూ వదిలేయడం బాల్‌హెడ్ సుఖం. ఆ ఒక్క నాబే అన్ని దిక్కులనూ పట్టుకోవాల్సి రావడం దాని కష్టం. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గాజు పలకల కెమెరాలతో పనిచేసిన రోజుల్లో పెద్ద కెమెరా చెక్క స్టాండు మీద చదునుగా కూర్చునేది. బంతి లేదు, వాలే బెంగా లేదు. తొందరపడే వీలూ లేదు. ఇవాళ కూడా గుడి గోపురాలు, భవనాలు, ఇంటి లోపలి ఫొటోలు తీసేవాళ్లు ఒక్కో దిక్కును విడివిడిగా, పళ్లచక్రంతో వెంట్రుకవాసి చొప్పున తిప్పే గేర్డ్ హెడ్ వైపు వెళితే తప్పు పట్టలేం. రామప్ప మండపంలో చెక్కిన స్తంభాన్ని నిట్టనిలువుగా నిలబెట్టాలంటే బంతితో పేచీ తప్పదు. అక్కడ స్టాండు వాడటానికి పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలన్నది వేరే సంగతి. వీడియో వాళ్లకు ఫ్లూయిడ్ హెడ్. 500 మిల్లీమీటర్ల ఎఫ్/4 లాంటి భారీ లెన్సుతో ఎగిరే పక్షుల వెంటపడేవాళ్లకు గింబల్ హెడ్. వీళ్లు బాల్‌హెడ్ మీద ఎంత ఖర్చుపెట్టినా వృథాయే.

ఇసుక, జిడ్డు, వదులు

విశాఖ తీరంలో అలల ఫొటోలు తీసొచ్చిన హెడ్‌ను అలాగే సంచిలో పెట్టకూడదు. ఇసుకరేణువు బంతికి, రింగుకు మధ్య చేరితే ఒక్కసారి తిప్పడంలోనే గీత పడుతుంది. బంతిని తిప్పకముందే మెత్తటి కుంచెతో దులిపి, మంచినీళ్లలో తడిపి పిండిన బట్టతో ఉప్పు తుడిచి, ఆరబెట్టాలి. జిడ్డు కనిపిస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన బట్ట చాలు. కిర్రుమంటోందని మాత్రం కుట్టుమిషను నూనె వేయకండి. బంతి నిలబడేది రాపిడి మీద, ఆ రాపిడినే మీ చేత్తో తీసేసినట్టవుతుంది.

హెడ్ మొత్తం కాళ్ల మీది నుంచి వదులవడం ఇంకో తంటా. కింది మర మామూలుగా అంగుళంలో మూడెనిమిదో వంతు మందం ఉంటుంది. కెమెరాకు తగిలేది పావు అంగుళం. పీఠాన్ని ఎడమ వైపుకు తిప్పినప్పుడల్లా ఆ కింది మర ఊడే దిశలో కొద్దికొద్దిగా కదిలే ప్రమాదం ఉంది. మంచి ట్రైపాడ్ పై పళ్లెం అడుగున మూడు సన్నటి మరలు కనిపిస్తాయి, హెడ్ అడుగును నొక్కి పట్టేవి. చాలామంది వాటిని ఏళ్ల తరబడి ముట్టుకోరు. హెడ్ ఊగుతోందని కొత్తది కొనబోయేముందు వాటిని ఒక్కసారి బిగించి చూడండి.

ధర మాటకొస్తే, ప్రపంచంలో పేరుమోసిన పెద్ద హెడ్‌లు అమెరికాలోనే 400 డాలర్లు దాటుతాయి. సెలవులకు వచ్చే బావమరిది చేత తెప్పించుకునేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. రేపు రిపేరుకు ఎవరు చూస్తారో మాత్రం ముందే అడిగి పెట్టుకోవాలి. అంత అక్కర్లేదనుకుంటే, 40 మిల్లీమీటర్లకు అటూ ఇటూ బంతి, పొట్టి మందపాటి మెడ, విడిగా బిగువు మర, మరతో బిగించే క్లాంపు ఉన్న మధ్యరకం హెడ్ ఎక్కువమందికి ఏళ్ల తరబడి సరిపోతుంది. కాళ్లు సన్నవైతే దాని మీద 55 మిల్లీమీటర్ల బంతి పెట్టడం దండగ.

పాతది కొనడానికీ వెనకాడక్కర్లేదు. ఇందులో అరిగిపోయే ముక్కలు తక్కువ, కాలంతో పాతబడే చిప్‌లు అసలే లేవు. బంతిని అన్ని వైపులా తిప్పి వెలుతురులో గీతలు వెతకండి. క్లాంపు దవడలు రెండూ సమాంతరంగా మూసుకుంటున్నాయా, పీఠం పట్టుకుని ఊపితే టకటకమంటోందా చూడండి. దానితో వచ్చిన అలెన్ కీ పోయిందని అమ్మేవాడు చెబితే బేరం చెడగొట్టుకోకండి. ఏ హార్డ్‌వేర్ కొట్లోనైనా సెట్టు మొత్తం దొరుకుతుంది.